నలభై మంది పట్టే ఇల్లు

మా అమ్మకి కోపం వస్తే అరవదు, మాట్లాడడం మానేస్తుంది. 1971 వేసవిలో, జూన్ మొదట్నుంచి ఆగస్టు చివరి దాకా ఆమె నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. "స్నానాల గదిలో దీపం వెలుగుతోందని మీ అమ్మాయికి చెప్పు" అనేది నాన్నతో. నేను అదే బల్ల దగ్గర, ఆమెకు ఎదురుగా కూర్చుని మొక్కజొన్న పొత్తు కొరుకుతూ ఉండేదాన్ని. నాన్న నా వైపు తిరిగి "దీపమట" అనేవాడు. "ఆర్పేశానని చెప్పు నాన్నా" అనేదాన్ని. "ఆర్పేసిందట" అనేవాడు అటు తిరిగి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా టమాటా డబ్బాల ఫ్యాక్టరీలో నిలబడి వచ్చిన మనిషికి ఇంట్లో ఇదొక రెండో ఉద్యోగం. జీతం లేదు, సెలవూ లేదు అని గొణుక్కునేవాడు పాపం.

గొడవంతా ఒక ఇంటి గురించి. మా ఊరి యూనివర్సిటీలో కెమిస్ట్రీ భవనం వెనక ఒక పాత చెక్క ఇల్లు ఉండేది. పసుపు రంగు పెచ్చులూడిపోయి, వసారా ఒక పక్కకి వాలిపోయి, ఇవాళో రేపో కూల్చేసి కార్లు నిలుపుకోవడానికి చదును చేస్తారనగా మిగిలిపోయిన ఇల్లు. అక్కడ చదువుకుని బయటపడిన నల్లవాళ్ళం కొంతమందిమి రెండేళ్ళుగా క్యాంపస్‌లో మాకంటూ ఒక చోటు ఇవ్వమని అడుగుతున్నాం. ఉత్తరాలు రాశాం, ఆఫీసుల బయట బెంచీలు అరిగేలా కూర్చున్నాం. చివరికి, ఎలాగూ కూల్చేదే కదా అనుకున్నారేమో, ఆ ఇల్లు మాకిచ్చారు.

ఆ కబురు మోసుకొచ్చింది హోసియా మామయ్య. మామయ్యంటే చుట్టం కాదు. హోసియా టాండీ 1941లో అదే యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివి, ఏ ల్యాబూ గుమ్మం ఎక్కనివ్వకపోతే పోస్ట్‌మ్యాన్ అయ్యాడు. సంచిలో ఉన్న ఉత్తరాల కంటే నోట్లో ఉన్న కబుర్లే ఎక్కువ పంచేవాడు. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి మేం భోజనాలకి కూర్చోబోతుంటే, వెంట వెండెల్ పెటిఫర్డ్‌ని కూడా వేసుకుని వచ్చాడు. వెండెల్ నాకంటే ఒక ఏడాది ముందు డిగ్రీ తీసుకున్నాడు. లా చదువుతూ వేసవికి ఊరికి వచ్చాడు. రంగురంగుల ఆఫ్రికా చొక్కా, తల చుట్టూ ఇంత గుబురు జుట్టు.

"ఇచ్చేశారు సిస్టర్ బాస్కిన్! మనకి ఇల్లిచ్చేశారు!" అన్నాడు హోసియా మామయ్య గుమ్మంలోంచే.

"ముందు చేతులు కడుక్కోండి బ్రదర్ టాండీ" అంది అమ్మ. తర్వాత వెండెల్‌ని కిందికీ మీదికీ చూసి, "నీ జుట్టు ముందొచ్చింది, నువ్వు వెనకొచ్చినట్టున్నావు. రా, కూర్చో" అంది.

కోడి వేపుడు, ఉడికించిన ఆకుకూర, మొక్కజొన్న రొట్టె అందరికీ వడ్డించి, ఆ ఇల్లు దేనికని అడిగింది అమ్మ. వెండెల్ ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. మనవాళ్ళు కూర్చోవడానికి, చదువుకోవడానికి, మన పుస్తకాలు పెట్టుకోవడానికి, మన సంగీతం వినడానికి.

"కూర్చోవడానికి క్యాంపస్‌లో కుర్చీలు లేవా?"

"ఉన్నాయి మిసెస్ బాస్కిన్. కానీ అవి వాళ్ళవి."

"వాళ్ళవని నీతో ఎవరన్నారు?" అంది అమ్మ, చేతిలో గరిటె అలాగే పట్టుకుని.

నాన్న కళ్ళు దించుకుని రొట్టె విరుచుకున్నాడు. ఏం రాబోతోందో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. మా అమ్మ ఆ యూనివర్సిటీలో డిగ్రీ తీసుకున్న రోజుల్లో నల్లపిల్లలు క్లాసులో కూర్చోవచ్చు గానీ భోజనశాలలో కూర్చోకూడదు. హాస్టల్లో పడుకోకూడదు. పదేళ్ళ తర్వాత, 1947 వేసవిలో, పై చదువుకని మళ్ళీ చేరిన మా అమ్మా, ఇంకో నలుగురు టీచర్లూ ఆ భోజనశాలలో కిటికీ పక్క బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. వడ్డించలేదు. మర్నాడూ వెళ్ళి కూర్చున్నారు. అలా జులై అంతా కూర్చుంటే చివరికి పళ్ళేలు తెచ్చి పెట్టారు. అప్పుడు నేను అమ్మ కడుపులో ఉన్నాను. నన్ను అందరికీ పరిచయం చేసేటప్పుడు "ఇది కూడా ఆ బల్ల దగ్గర నాతో కూర్చుంది" అని చెప్పుకునేది. నేను యూనివర్సిటీలో చేరినప్పుడు, నాలుగు వీధుల అవతల సొంత ఇల్లుండగా, హాస్టల్లోనే ఉండాలని, అక్కడే తినాలని పట్టుబట్టి పంపింది.

"ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి మేం అన్ని పాట్లు పడ్డాం" అంది అమ్మ ఆ రోజు, వెండెల్‌ని వదిలేసి నన్నే చూస్తూ. "మనల్ని ఎడంగా పెట్టాలని వాళ్ళు వందేళ్ళు చూశారు. ఇప్పుడు మీకై మీరే లేచి ఎడంగా వెళ్ళి కూర్చుంటామంటారా? వాళ్ళ పని మీరు చేసిపెడతారా?"

"నీకర్థం కాదులే అమ్మా" అన్నాను.

అంతే. అమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. "థర్మన్, ఇంకాస్త కూర కావాలేమో మీ అమ్మాయిని అడుగు" అంది నాన్నతో.

*

వేసవంతా ఆ ఇంటి పనితోనే సరిపోయింది. నేను మూడో తరగతికి పాఠాలు చెప్పే టీచర్ని, సెలవులు. పొద్దున్నే పాత బట్టలేసుకుని పోయి గోడలు గీకేదాన్ని. వెండెల్ నిచ్చెనెక్కి రంగు వేస్తూ, ప్రపంచంలో ప్రతి విషయం మీదా ఉపన్యాసమిచ్చేవాడు. రంగు గోడ మీద ఎంత పడేదో అతని జుట్టు మీదా అంతే పడేది. పాత విద్యార్థులు శని, ఆదివారాలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెయ్యి వేసేవాళ్ళు. షికాగో పక్కనున్న గేరీ ఊరి నుంచి ఒక పళ్ళ డాక్టరు వచ్చి రోజంతా వంటింటి గచ్చు తోమి, నడుం పట్టుకుని వెళ్ళాడు.

నాన్న కూడా వచ్చేవాడు, ఫ్యాక్టరీ నుంచి నేరుగా. వసారా ఎత్తి నిలబెట్టి, మెట్లకి కొత్త చెక్కలు వేశాడు. ఇంటికి మాత్రం నేనొక దారినా, తనొక దారినా వెళ్ళేవాళ్ళం. ఒకరోజు అమ్మ అతని టోపీ తీసి దులిపింది. రంపపు పొట్టు రాలింది.

"థర్మన్, టమాటాలు ఇప్పుడు చెక్క డబ్బాల్లో పెడుతున్నారా?" అంది.

"కొత్త మేనేజరు వచ్చాడు" అన్నాడు నాన్న ముఖం కదలకుండా. "ఏవేవో పద్ధతులు."

అమ్మ టోపీ మేకుకి తగిలించింది. నాన్నని అడ్డుకోలేదు, మెచ్చుకోనూ లేదు. నాకు మాత్రం అది చాలా బాధగా ఉండేది. అమ్మ కోపాన్ని భరించగలను. ఆమె నిజంగానే నేను తనని కాదనుకున్నానని నమ్ముతోంది, అది భరించలేకపోయేదాన్ని.

ఆగస్టులో యూనివర్సిటీ భవనాల ఆఫీసు నుంచి కెస్లర్ అనే ఆయన వచ్చాడు. పొడుగ్గా, ఎండకి కందిపోయిన మెడతో ఉంటాడు. మేడ ఎక్కి గంతులేసి చూశాడు, దూలాలు తట్టి చూశాడు. ఇల్లు పాతది కాబట్టి ఏ సమయంలోనూ లోపల నలభై మందికి మించి ఉండకూడదన్నాడు. "ఒక్కసారి మించినా తాళం వేయిస్తాను. ఆ తర్వాత దీన్ని కూల్చడమే. ఒప్పుకుంటేనే ప్రారంభోత్సవం."

ఒప్పుకోక ఏం చేస్తాం? సెప్టెంబరు మొదటి శనివారం, క్లాసులు మొదలయ్యే ముందు, ప్రారంభమని పెట్టుకున్నాం. ఒక అరవై మంది పాత విద్యార్థులు వస్తారు, వస్తూ పోతూ ఉంటారు, నలభై ఎప్పుడూ దాటదు అని కమిటీ లెక్క. లెక్క బాగానే ఉంది. హోసియా మామయ్యని అందులో కలపడం మరిచిపోయాం.

ప్రారంభానికి ముందు ఆదివారం చర్చిలో ప్రకటనల వేళ ఆయన లేచి నిలబడ్డాడు. పాటల బృందం వార్షికోత్సవం, సిస్టర్ మేబెల్ ఆపరేషన్ గురించి చెప్పాక, గొంతు సవరించుకుని, "వచ్చే శనివారం మన ఇల్లు తెరుస్తున్నాం. వీలైతే రండి" అన్నాడు. బయటికి వచ్చాక తెలిసింది, అదే ముక్క పొద్దున తొమ్మిదింటి ఆరాధనలో ఇంకో చర్చిలో కూడా చెప్పి వచ్చాడట. మంగలి షాపులో చెప్పాడట. తన క్లాసువాళ్ళందరికీ, షికాగోలో, డెట్రాయిట్‌లో, ఫోన్లు చేశాడట.

వెండెల్ జుట్టు పట్టుకున్నాడు. "మామయ్యా! అరవై మందన్నాం కదా!"

"నేనేమన్నాను?" అన్నాడు హోసియా మామయ్య అమాయకంగా. "వీలైతే రండి అన్నాను. వీలు లేనివాళ్ళు రారు కదా."

మా వాళ్ళలో ఒకరితో 'వీలైతే రండి' అంటే ఏమవుతుందో ఆయనకి తెలియదా? ఆయనొస్తాడు, ఆవిడొస్తుంది, పిల్లలొస్తారు, చూడ్డానికి ఊరి నుంచి వచ్చి ఉన్న అత్తగారొస్తుంది, ఖాళీ చేతులతో ఎలా వెళ్తామని ఒక గిన్నె నిండా బంగాళాదుంప సలాడూ వస్తుంది. వద్దని తిరిగి చెప్పడం కుదరదు. పిలిచి రావద్దన్నవాళ్ళని మా ఊళ్ళో ఆ తర్వాత ఎవరూ క్షమించరు.

చర్చి వెనక తలుపు దగ్గర మా అమ్మ నిలబడి ఉంది. మా చర్చిలో వచ్చినవాళ్ళని ఆహ్వానించి, ఎవరెక్కడ కూర్చోవాలో చూపించే అషర్లకి ఆమె చాలా ఏళ్ళుగా పెద్ద. ప్రకటన ఆమె చెవిన కూడా పడింది. ఆమె ముఖంలో నాకేమీ కనబడలేదు.

*

గురువారం సాయంత్రం నాన్న తన లాడ్జి సంఘం మీటింగుకి వెళ్ళాడు. వంటింట్లో అమ్మ అషర్ల తెల్లగౌను ఇస్త్రీ చేసుకుంటోంది. నేను నీళ్ళు తాగడానికి వెళ్ళాను. మాకు మధ్యవర్తి లేడు.

వెళ్ళిపోదామనుకున్నాను. అప్పటికి నాకు ఓపిక అయిపోయింది. శనివారం ఆ ఇంటికి తాళం పడుతుందన్న సంగతి దాదాపు ఖాయమైపోయింది. ఈ వేసవంతా ఎందుకు గోడలు గీకానో అమ్మకి చెప్పకుండానే అది పోతుందని దిగులేసింది.

"అమ్మా, ఆ బల్ల దగ్గర నేను నాలుగేళ్ళూ ఒక్కదాన్నే కూర్చున్నాను" అన్నాను.

అమ్మ ఇస్త్రీ ఆపలేదు. నాన్న ఎక్కడున్నాడా అన్నట్టు ఒకసారి గుమ్మం వైపు చూసింది. కాసేపటికి, నాతోనే, "ఒక్కదానివే అంటే?" అంది.

"నేను పళ్ళెం పెట్టగానే అక్కడున్నవాళ్ళు తమ పళ్ళేలు తీసుకుని లేచేవాళ్ళు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. కొందరు నవ్వేవాళ్ళు కూడా, మర్యాదగా. లేచి పక్క బల్లకి వెళ్ళిపోయేవాళ్ళు. కొన్నాళ్ళకి నేను వచ్చే వేళకి ఆ బల్ల ఖాళీగానే ఉండేది."

"మరి నాకు చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? ప్రతి ఆదివారం అడిగేదానివి, బల్ల ఎలా ఉందే అని. నీ ముఖం చూసి బాగుందనేదాన్ని."

అమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టి స్విచ్ తీసేసింది. గౌను చేతుల మీద వేసుకుని, మడత పెట్టకుండా అలాగే నిలబడింది.

"ఏం తినేదానివి?" అంది.

"సూప్. తొందరగా అయిపోతుందని."

"నాలుగేళ్ళూ?"

"దాదాపు."

అమ్మ గౌను హ్యాంగరుకి తగిలించి, బొత్తాలు పెట్టి, పొయ్యి మీద మూత పెట్టి ఉన్న గిన్నె తీసి నా ముందు పెట్టింది. బీన్సూ, పంది మాంసమూ. నాకు ఆకలి లేదు. తిన్నాను. నేను తినడం అయ్యేదాకా ఎదురుగా కూర్చుంది. ఒప్పుకున్నాననీ అనలేదు, ఒప్పుకోననీ అనలేదు.

*

శనివారం పొద్దున పదింటికే వీధి మలుపు దాకా జనం. షికాగో నుంచి ఒక బస్సు, గేరీ నుంచి రెండు. పెద్ద టోపీల ఆడవాళ్ళు, ఇస్త్రీ సూట్లలో ముసలివాళ్ళు, కొత్త బూట్లు కరుస్తున్నాయని ఏడ్చే పిల్లలు, గుబురు జుట్ల కుర్రాళ్ళు. పెరట్లో హోసియా మామయ్య ఏప్రన్ కట్టుకుని పెద్ద మూకుట్లో చేపలు వేయిస్తున్నాడు. వచ్చిన ప్రతివాళ్ళ చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది. కెస్లర్ ఎదురుగా చెట్టు నీడలో నిలబడ్డాడు. చేతిలో నొక్కితే టిక్కుమనే లెక్క యంత్రం ఒకటి.

ముందు తలుపు దగ్గర వెండెల్ నిలబడి లోపలికి వెళ్ళేవాళ్ళని లెక్కపెట్టాడు. ముప్ఫై దాకా బాగానే సాగింది. తర్వాత ఎవరో ముసలాయన అతన్ని ఆపి "నువ్వు క్లారా పెటిఫర్డ్ మనవడివి కదూ? ఆవిడ మొక్కజొన్న రొట్టె..." అని మొదలుపెట్టాడు. అంతలో వంటింటి తలుపు తెరుచుకుంది. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. మావాళ్ళు ఎవరింటికి వెళ్ళినా వంటింటి తలుపులోంచే వెళ్తారు, ముందు తలుపు పాస్టరుకీ, పోలీసుకీ. ఒక కుటుంబం గిన్నెలతో సహా అటు నుంచి వచ్చేసింది, వాళ్ళ వెనక ఇంకోటి.

"ఎంత?" అన్నాడు వెండెల్ నన్ను చూసి.

"తెలీదు" అన్నాను. నిజంగానే తెలీదు. కెస్లర్ చెట్టు నీడలోంచి ఇటు నడిచి రావడం మొదలుపెట్టాడు.

అప్పుడు కాలిబాట మీద జనం రెండు పాయలుగా చీలారు. మా అమ్మా, వెనక వరసగా ఐదుగురు ఆడవాళ్ళూ. తెల్ల గౌన్లు, తెల్ల బూట్లు, తెల్ల గ్లౌజులు, ఛాతీకి ఎడమవైపు అషర్ల బ్యాడ్జీలు. ఎడమ చెయ్యి మడిచి నడుం వెనక పెట్టుకుని నడుస్తున్నారు, ఆదివారం ఆరాధనకి నడిచినట్టే. అమ్మ నా వైపు చూడలేదు. మెట్లెక్కి, వెండెల్ భుజం మీద వేలితో తట్టింది. వెండెల్ పక్కకి తప్పుకున్నాడు.

అమ్మ కుడి చెయ్యి ఎత్తి రెండు వేళ్ళు చూపించింది. ఇద్దరు అషర్లు వంటింటి వైపు వెళ్ళారు. చెయ్యి ఒకసారి తిప్పింది, ఒకావిడ మెట్ల దగ్గర నిలబడింది, ఇంకొకావిడ మేడెక్కింది. నోటితో ఒక్క మాట లేదు. మా చర్చిలో ప్రార్థన జరుగుతుంటే పాస్టరు చుట్టం వచ్చినా అషర్లు తలుపు తీయరు, చేత్తో ఆపుతారు. ఎన్ని చోట్లున్నాయో వేళ్ళతో చెప్పుకుంటారు. ఆ తెల్ల గ్లౌజు చూస్తే చిన్నప్పుడు తిన్న మొట్టికాయలు గుర్తొస్తాయో ఏమో, చర్చి మొహం చూసి పదేళ్ళయిన మగవాళ్ళు కూడా టోపీలు తీశారు. పళ్ళ డాక్టరు నోట్లోని చూయింగ్ గమ్ కాగితంలో ఉమ్మి జేబులో పెట్టుకున్నాడు.

కొంచెం సేపట్లో ఎక్కువైనవాళ్ళు వంటింటి గుండా పెరట్లోకి, చేపల దగ్గరికి నడిచిపోయారు. ఎవరూ నొచ్చుకోలేదు. మేడ మీంచి ఒకరు దిగితే మెట్ల దగ్గరావిడ ఒక వేలు ఎత్తేది, తలుపు దగ్గర అమ్మ అది ఓరకంట చూసి వరసలో మొదటివాళ్ళని లోపలికి పంపేది. కెస్లర్ వచ్చి లోపలంతా తిరిగి, తన యంత్రం చూసుకుని, మళ్ళీ తిరిగాడు.

"ఎంత చూపిస్తోందండీ?" అంది అమ్మ.

"ముప్ఫై ఎనిమిది" అన్నాడు.

"ఇద్దరు పడతారన్నమాట" అని, వరసలో ముందున్న ముసలి దంపతుల్ని లోపలికి పంపింది.

మధ్యాహ్నమంతా అలాగే సాగింది. కెస్లర్ చెట్టు నీడకి వెళ్ళిపోయి, మధ్యమధ్య వచ్చి లోపల లెక్క చూసుకుని పోతున్నాడు. ఒకసారి చూస్తే అతని చేతిలోనూ చేప ముక్క పెట్టిన రొట్టె ఉంది. నేను హాల్లో, తలుపుకి కాస్త లోపలగా నిలబడి, వచ్చినవాళ్ళకి గోడ మీది ఫోటోలు చూపిస్తున్నాను. దోమతెర తలుపు గుండా అమ్మ వీపు, నడుం వెనక మడిచిన ఎడమ చెయ్యి కనిపిస్తూనే ఉన్నాయి. అమ్మ ఎందుకొచ్చింది? ఇంటి కోసమా, నా కోసమా, లేక తలుపు దగ్గర గందరగోళమవుతుందని తెలిసి ఊరుకోలేకనా? అడగడానికి వీల్లేదు. విధిలో ఉన్న అషర్‌తో ఎవరూ ముచ్చట్లు పెట్టరు.

మూడు దాటాక యూనివర్సిటీ ప్రెసిడెంట్ వచ్చాడు. తెల్లజుట్టు, లేత రంగు సూటు, వెంట ఇద్దరు పెద్దమనుషులు. కెస్లర్ పరుగున వచ్చాడు.

"దారివ్వండి, దారివ్వండి. ప్రెసిడెంట్ గారు లోపలికి వెళ్తారు."

అమ్మ చెయ్యి ఎత్తింది. అరచెయ్యి ఎదుటివాళ్ళ వైపు, వేళ్ళు కలిపి.

"లోపల నిండుగా ఉందండీ" అంది.

"ఆయన ఒక్కరే కదా మేడమ్!"

"మీ యంత్రం ఎంతంటోంది?"

కెస్లర్ చేతిలోకి చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నలభై" అన్నాడు.

"నేనూ అంతే అనుకున్నాను" అంది అమ్మ. "ఎవరైనా బయటికి వస్తే ముందు ఈ పెద్దావిడ వెళ్తారు. తర్వాత ఆయన."

వరసలో ముందు కుర్చీలో కూర్చున్నది 1922లో చదివిన టీచరమ్మ, కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని ప్రెసిడెంట్‌ని తాపీగా చూస్తోంది. హాల్లోకి వచ్చేసిన వెండెల్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. ప్రెసిడెంట్ చిన్నగా నవ్వి, ఆవిడ వెనక వరసలో నిలబడ్డాడు. హోసియా మామయ్య ఎక్కడి నుంచి వచ్చాడో, ఆయన చేతిలో చేప రొట్టె పెట్టేశాడు. "కారం సాస్ కాస్త వేయనా సార్?" అన్నాడు. ఆయన వద్దనేలోపే వేసేశాడు.

అలా నిలబడి ఉండగా ఆయన అమ్మతో మాట కలిపాడు. మర్యాదగానే.

"మీరిక్కడే చదువుకున్నారట కదా మేడమ్. నాకర్థం కానిది ఒకటి అడగనా? ఇప్పుడు భోజనశాల, హాస్టళ్ళు అన్నీ అందరికీ తెరిచే ఉన్నాయి కదా. మళ్ళీ వేరుగా ఇదెందుకు? ఈ ఇల్లు ఉంచాలా వద్దా అని మావాళ్ళు నన్నడుగుతున్నారు. ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు."

అవి అచ్చంగా అమ్మ మాటలు. జూన్‌లో మా భోజనాల బల్ల దగ్గర అమ్మ అడిగింది అదే. హోసియా మామయ్య సాస్ సీసా మూత బిగించడం ఆపేశాడు. ఆ వసారా కింద నిలబడినవాళ్ళలో సగం మందికి మా అమ్మ ఈ ఇంటి గురించి ఏమనుకుంటుందో తెలుసు. ఆమె ఉన్నదున్నట్టు చెబితే చాలు, ఈ ఊరి నల్లవాళ్ళలోనే పెద్దావిడ వద్దందని ఆయన వెళ్ళి చెప్పుకోవచ్చు. అబద్ధం చెప్పమని అమ్మని ఎవరూ అడగలేరు. ఆమె చెప్పదు.

లోపల్నుంచి మెట్ల దగ్గరావిడ వేలు చూపించింది. టీచరమ్మ కర్ర ఊతంతో లేచి లోపలికి వెళ్ళింది.

"నేనూ మా అమ్మాయిని ఇదే అడిగాను" అంది అమ్మ. "ఈ వేసవంతా."

"ఏమంది?"

"ఆ జవాబు దానిది. నా నోటితో నేను చెప్పను." ఆమె తల లోపలి వైపు తిప్పలేదు. "ఆర్వెల్లా అని, హాల్లోనే ఉంది. చెబితే పూర్తిగా వినండి. నేను వినడానికి చాలా ఆలస్యం చేశాను."

జూన్ నుంచి ఆమె నోట నా పేరు వినడం అదే మొదటిసారి. వంటింటి వైపు నుంచి ఇంకో వేలు లేచింది. అమ్మ దోమతెర తలుపు తెరిచి, అరచెయ్యి చాచి ప్రెసిడెంట్‌కి దారి చూపించింది, అందరికీ చూపించినట్టే.

ఆయన వచ్చి నా ముందు నిలబడ్డాడు. చేతిలో సగం తిన్న రొట్టె, కళ్ళల్లో కారం తాలూకు నీళ్ళు. అలాంటి ప్రశ్న ఎవరైనా అడిగితే చెప్పాలని వెండెల్ నాకొక ఉపన్యాసం బట్టీ పట్టించాడు. అందులో ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది, రెండు రోజుల కింద వంటింట్లో మొదటిసారి చెప్పినది, ఇప్పుడు ఇంతమంది మధ్య, కొత్త మనిషికి చెప్పాలి. నేను అమ్మ వైపు చూశాను.

విధిలో ఉన్న అషర్ వెనక్కి తిరగదు. అమ్మ కూడా తిరగలేదు. నడుం వెనకున్న ఆమె ఎడమ చెయ్యి మాత్రం విచ్చుకుని, తెల్ల గ్లౌజు అరచెయ్యి నా వైపుంచి, నిలకడగా ఆగింది. కొత్తగా చేరిన అషర్ మొదటిసారి ఒంటరిగా నిలబడినప్పుడు పెద్ద అషర్ తన నడుం వెనక నుంచి ఆమెకి మాత్రమే చూపించే సైగ అది. భయపడకు, నీ చోట్లో నువ్వు ఉండు, నేను ఇక్కడే ఉన్నాను అని.

"భోజనశాలలో కిటికీ పక్కన ఒక బల్ల ఉంది సార్" అని చెప్పడం మొదలుపెట్టాను.